కొత్త మంచును ఎక్కడ చూడాలి? గుల్మార్గ్, మనాలి, ఔలీ, సిక్కింల మధ్య ఎంపిక

తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాటతో మనం చాలా పనులు నడిపిస్తాం. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున పొలం గట్ల మీద కమ్ముకునేదీ మంచే, గడ్డి కొసల మీద ముత్యాల్లా నిలిచేదీ మంచే, హిమాలయాల్లో దూదిపింజల్లా రాలేదీ మంచే. అందుకే ఏటా డిసెంబర్‌లో 'లంబసింగిలో మంచు కురుస్తోంది' అన్న వార్త చూసి, పిల్లలను కారెక్కించి బయలుదేరినవారిలో కొందరు అక్కడికి చేరాక చిన్నబోతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊళ్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది, లోయంతా పాలు పోసినట్టు పొగమంచుతో నిండుతుంది, ఎప్పుడైనా గడ్డి మీద తెల్లని పూత కూడా కనిపిస్తుంది. అది తప్పక చూడదగిన దృశ్యమే. అయితే ఆకాశం నుంచి రేకులుగా రాలి, నేలంతా పరుచుకుని, అడుగు వేస్తే కరకరలాడే హిమం అది కాదు. ఆ మంచు కావాలంటే హిమాలయాలకు వెళ్లక తప్పదు.

హిమాలయాలు అనుకోగానే ఇంట్లో మొదలయ్యే చర్చ 'కాశ్మీరా, మనాలీనా' అన్నదే. టూర్లు కుదిర్చేవారు కూడా ఆ ప్రశ్నకే జవాబు చెబుతారు, ఎందుకంటే వారు అమ్మేవి ఊళ్ల పేర్లు. నా అనుభవంలో ఊరి పేరు కంటే ముందు తేల్చుకోవలసినది మరొకటి ఉంది. మీరు రాత్రి పడుకునే గది గుమ్మం దాటగానే కాలికి మంచు తగులుతుందా, లేక పొద్దున టిఫిన్ చేసి, కారెక్కి, రెండు గంటలు ప్రయాణించి మంచు దగ్గరికి వెళ్లాలా? ఈ ఒక్క తేడా మీ యాత్రను మార్చేసినంతగా ఊరి పేరు మార్చదు.

మొదటిసారి మేము గుల్మార్గ్‌ను శ్రీనగర్ నుంచి ఒక్కరోజు ప్రయాణంగా చూశాం. గుల్మార్గ్‌కు దిగువనున్న తంగ్‌మార్గ్‌లో బండి మారి, అద్దెబూట్ల బేరం ముగించుకుని పైకి చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. అప్పటికే గుర్రాల డెక్కలు, స్లెడ్జిబండ్లు, మాలాంటి వందలమంది కాళ్లు తిరిగి తిరిగి మైదానంలో సగం మేర మంచు గోధుమరంగు బురదగా మారింది. నాలుగింటికల్లా దిగిపోవాలని డ్రైవరు తొందరపెట్టాడు. రెండేళ్ల తరువాత అదే ఊళ్లో రెండు రాత్రులు ఉన్నాం. రెండో రోజు పొద్దున ఏడింటికి, ఇంకా పూర్తిగా వెలుతురు రాని వేళ, తలుపు తీస్తే మెట్లు లేవు. మెట్లున్న చోట నున్నని వాలు ఉంది. చెప్పుల స్టాండు, పూలకుండీ, ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ ఒకే తెల్లదుప్పటి కింద గుండ్రంగా ఉబ్బి ఉన్నాయి. అమ్మ పెట్టుకున్న నల్ల మంకీ క్యాప్ మీద వాలిన ఒక రేకు ఆరు కొమ్మలుగా, ఒక్కో కొమ్మకు మళ్లీ పిల్లకొమ్మలతో, కరిగేలోపు నాలుగైదు క్షణాలు కనిపించింది. ఆ పూట మేము డబ్బు ఖర్చు పెట్టి చేసినది ఏదీ లేదు.

ఎత్తు, మబ్బు, గడియారం

ఏ ఊళ్లో మంచు పడుతుందో, ఏ ఊళ్లో వాన పడుతుందో ఎక్కువగా నిర్ణయించేది ఎత్తు. పైకి వెళ్లిన ప్రతి 1,000 మీటర్లకు గాలి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంటే గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. ఈ 600 మీటర్ల తేడా అంటే దాదాపు 4 డిగ్రీల తేడా, అంటే ఒకే మబ్బు ఒకచోట చినుకులుగా, మరొకచోట రేకులుగా కురవడానికి సరిపోయేంత తేడా. మనాలి బస్టాండులో గొడుగు పట్టుకుని నిలబడ్డవారికి, 13 కిలోమీటర్ల అవతల సోలంగ్‌లో అదే గంటలో మంచు పడుతోందని తెలియడం ఇందువల్లనే.

మబ్బు సంగతి మనకు తేలికగానే అర్థమవుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందంటే కోస్తాలో వాన అని మనం ఎలా లెక్కవేస్తామో, ఉత్తరాదివారు చలికాలంలో 'వెస్టర్న్ డిస్టర్బెన్స్' వస్తోందంటే కొండల్లో మంచు అని అలా లెక్కవేస్తారు. మధ్యధరా సముద్ర ప్రాంతం నుంచి ఇరాన్, అఫ్ఘనిస్తాన్‌ల మీదుగా ప్రయాణించి వచ్చే ఈ వాతావరణ వ్యవస్థలు మొదట కాశ్మీర్‌ను, తరువాత హిమాచల్‌ను, ఆపైన ఉత్తరాఖండ్‌ను తడుపుతాయి. తూర్పుకు వెళ్లేకొద్దీ బలహీనపడతాయి. ఒక్కో విడత ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది, ఆ తరువాత ఆకాశం విప్పుకుంటుంది. భారత వాతావరణ శాఖ సూచనల్లో ఇది నాలుగైదు రోజుల ముందే కనిపిస్తుంది కాబట్టి, టికెట్లు రెండు నెలల ముందు కొన్నా, ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది చివరి వారంలో మార్చుకునే వీలు ఉంచుకోవాలి. నేను హోటల్ రద్దు నిబంధనలను గది ఫొటోల కంటే శ్రద్ధగా చదవడానికి కారణం ఇదే.

ఇక గడియారం. కురిసి ఆగిన తెల్లవారి పొద్దు, ఎండ చురుక్కుమనే పదకొండు గంటల లోపల, మంచు చూడవలసిన వేళ. అప్పటికి రేకుల మధ్య గాలి ఇంకా నిండుగా ఉంటుంది. పది సెంటీమీటర్ల కొత్త మంచును కరిగిస్తే దాదాపు ఒక్క సెంటీమీటరు నీరే వస్తుందంటే మిగతాదంతా గాలే. ఆ గాలి అరలే చప్పుడును మింగేస్తాయి. కొత్త మంచు కురిసిన ఊళ్లో వినిపించే నిశ్శబ్దం మన చెవులకు కొత్తది. పక్కనున్న మనిషి మాట్లాడితే గదిలో పరుపుల మధ్య మాట్లాడినట్టు ఉంటుంది. చేతికర్రతో మంచులో లోతుగా గుచ్చి, ఆ రంధ్రంలోకి చూస్తే అడుగున లేతనీలం కనిపిస్తుంది, ఎందుకంటే మంచు ఎర్రని కాంతిని ఎక్కువగా పీల్చుకుని నీలాన్ని వదిలిపెడుతుంది. మధ్యాహ్నానికి దేవదారు కొమ్మలు బరువు దించుకుంటాయి, సాయంత్రానికి పైపొర తడుస్తుంది, రాత్రికి అది గాజులా గడ్డకడుతుంది. మర్నాడు ఉన్నది మంచే అయినా కొత్త మంచు కాదు. ఒక్కరోజు ప్రయాణంగా వెళ్లేవారికి దొరకనిది సరిగ్గా ఈ నాలుగు గంటలే.

గుల్మార్గ్

శ్రీనగర్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, బారాముల్లా జిల్లాలో ఉన్న గుల్మార్గ్ మన దేశంలో మంచు కోసం వెళ్లేవారికి నా మొదటి సలహా. ఊరే పైన ఉంది, ఊరి నడుమ విశాలమైన మైదానం ఉంది, మైదానం చుట్టూ అడవి ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా నడిచే దూరంలోనే బస ఉంది. కాశ్మీరీలు చలికాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబర్ 21న మొదలయ్యే నలభై రోజుల 'చిల్లై కలాన్' గడ్డకట్టే చలి, ఆ తరువాతి ఇరవై రోజుల 'చిల్లై ఖుర్ద్' కాస్త తక్కువ, చివరి పది రోజుల 'చిల్లై బచ్చా' పిల్ల చలి. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా చిల్లై కలాన్ మధ్యలో పడతాయి కాబట్టి బడికి వెళ్లే పిల్లలున్న కుటుంబాలకు అదే అనుకూలమైన సమయం. క్రిస్మస్, కొత్త సంవత్సరం మధ్య వారం కంటే రద్దీ తక్కువ కూడా. సెలవుల బాధ లేనివారు జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం దాకా వెళితే నేలమీద మంచు మందం మరింత నమ్మదగినదిగా ఉంటుంది. నమ్మదగినది అన్నానే తప్ప ఖాయమనలేదు. 2024 జనవరిలో దాదాపు నెలంతా గుల్మార్గ్ మైదానం ఎండుగడ్డితో గోధుమరంగులో కనిపించింది, స్కీయింగుకు వచ్చినవారు వెనుదిరిగారు, తీరా నెలాఖరులో గాని మంచు పడలేదు.

గుల్మార్గ్ పేరు చెప్పగానే అందరూ గొండోలా గురించే అడుగుతారు. ఈ రోప్‌వే రెండు అంచెల్లో నడుస్తుంది. 1998లో మొదలైన మొదటి అంచె కొంగ్‌డూరి దాకా, అంటే దాదాపు 3,100 మీటర్ల ఎత్తుకు తీసుకువెళుతుంది. 2005లో మొదలైన రెండో అంచె అఫర్వత్ కొండ భుజం మీదికి, 3,900 మీటర్లు దాటిన ఎత్తుకు చేరుస్తుంది. టికెట్లు ఆన్‌లైన్‌లోనే అమ్ముతారు, రద్దీ రోజుల్లో చాలా ముందే అయిపోతాయి. కొత్త మంచు అందం కోసం వెళ్లే కుటుంబానికి మొదటి అంచె చాలు. రెండో అంచె గాలి పెరిగితే ఆగిపోతుంది, పైన ఊపిరి బరువవుతుంది, పైగా అక్కడి వాలుల్లో హిమపాతాలు విరిగిపడిన చరిత్ర ఉంది: 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయరు అలాగే మరణించారు. గైడ్లు గీసిన హద్దు దాటి ఫొటో కోసం నాలుగడుగులు పక్కకు వెళ్లడం ఎంత పొరపాటో ఇంతకంటే చెప్పనక్కర లేదు.

లోపాలూ ఉన్నాయి. శ్రీనగర్ విమానాలు మంచు పడిన రోజున రద్దవుతాయి. జమ్మూ జాతీయ రహదారి మూసుకుపోతుంది. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్‌ల మధ్య వందేభారత్ రైలు నడుస్తోంది కాబట్టి ఇప్పుడు మూడో దారి ఏర్పడింది. చేతిలో ఒక రోజు అదనంగా ఉన్నవారికి అది పెద్ద ధైర్యం. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు, కుటుంబంలో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండాలి. 2025 ఏప్రిల్‌లో పహల్గామ్ దగ్గర బైసరన్‌లో జరిగిన ఉగ్రదాడి తరువాత కొన్ని పర్యాటక స్థలాలను మూసి, విడతలుగా తెరిచారు. బయలుదేరే వారంలో ఏవి తెరిచి ఉన్నాయో కనుక్కోవాలి. గుర్రాలవారు, స్లెడ్జివారు, గైడ్లు ఒకేసారి చుట్టుముట్టడం మొదటిసారి వెళ్లినవారిని బెదరగొడుతుంది. మనసులో ధర అనుకుని, ఒక్కరితో మాట్లాడి, 'పొద్దున ఏడింటికి రండి' అని పంపించేస్తే వ్యవహారం సులువవుతుంది. అంత పొద్దున వచ్చే మనిషికి కొంత ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

మనాలి వైపు

మనాలిని ఎంచుకునేవారికి ఉన్న పెద్ద లాభం ఒకే దారిలో మూడు నాలుగు రకాల ఎత్తులు దొరకడం. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి సుమారు 300 కిలోమీటర్లు రోడ్డు మీద ప్రయాణిస్తే మనాలి వస్తుంది. ఢిల్లీ నుంచి రాత్రిపూట నడిచే వోల్వో బస్సులూ ఉన్నాయి. విమానం ఆగితే ఊళ్లో ఇరుక్కుపోతామన్న భయం కాశ్మీర్ కంటే ఇక్కడ తక్కువ. ఖర్చు కూడా సాధారణంగా తక్కువే. కానీ మనాలి ఊళ్లోనే గది తీసుకుంటే, మంచు పడిన రోజు తప్ప, మీరు మంచును 'చూడడానికి వెళ్లాలి'. సోలంగ్ మైదానం ఆదివారంనాటి ఎగ్జిబిషన్‌లా ఉంటుంది: మొక్కజొన్న పొత్తులు, మ్యాగీ, పారాగ్లైడింగు, స్నో స్కూటర్లు, అద్దె కోట్లు. పిల్లలకు అది సరదాయే. మంచు మాత్రం వారి బూట్ల కింద ఎప్పుడో నలిగిపోయి ఉంటుంది.

2020 అక్టోబర్ 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ ఈ లెక్కను మార్చింది. అంతకు మునుపు చలికాలంలో 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ మూసుకుపోగానే లాహౌల్ లోయ బయటి ప్రపంచానికి నెలల తరబడి దూరమయ్యేది; ఇప్పుడు కొండ కడుపులోంచి పది నిమిషాల్లో అవతలికి చేరవచ్చు. ఇవతల దేవదారు అడవి, అవతల చెట్లు పలచబడిన తెల్లని లోయ, మధ్యలో చంద్రా నది నల్లని గీతలా కనిపిస్తుంది. సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్న సిస్సు గ్రామంలో బస దొరికితే గుమ్మం ముందు మంచు దొరికినట్టే. అయితే రెండు సంగతులు తెలుసుకుని వెళ్లాలి. మొదటిది, సిస్సు రాజా ఘేపన్ దేవాలయం ఉన్న ఊరు; జనవరి, ఫిబ్రవరి నెలల్లో వచ్చే స్థానిక పండుగల రోజుల్లో బయటివారి సందడి ఆపాలని గ్రామస్థులు నిర్ణయించుకున్న సందర్భాలు ఉన్నాయి, కాబట్టి హోటలువారిని అడగకుండా తేదీలు ఖాయం చేసుకోకూడదు. రెండవది, మంచు ఎక్కువైతే టన్నెల్ దారిని మూసేస్తారు, లేదా నాలుగు చక్రాలూ ఇంజిను బలంతో తిరిగే ఫోర్ బై ఫోర్ వాహనాలను మాత్రమే వదులుతారు. 2024 డిసెంబర్ చివరి పది రోజుల్లో సోలంగ్, టన్నెల్‌ల మధ్య దాదాపు వెయ్యి వాహనాలు మంచులో చిక్కుకుని, జనం గంటల తరబడి కార్లలోనే గడపవలసి వచ్చింది. సెలవుల రద్దీ, తొలి మంచు కలిసి వచ్చే ఆ వారాన్ని మనాలి కోసం ఎంచుకోవద్దని నేను గట్టిగానే చెబుతాను.

నాకు ఈ వైపు నచ్చిన చోటు సేఠన్. మనాలి పక్కన ప్రీణి ఊరి నుంచి హామ్టా దారిలో మెలికలు తిరుగుతూ పైకి పోతే సుమారు 2,700 మీటర్ల ఎత్తున వచ్చే చిన్న గ్రామం అది. మంచు పడ్డాక మామూలు కార్లు పైకి పోలేవు, స్థానిక జీపులోనే వెళ్లాలి, అదే దాని అదృష్టం. కొద్ది హోంస్టేలు, దిగువన బియాస్ లోయ, ఎదురుగా ధౌలాధార్ కొండల వరుస. పెద్ద హోటళ్ల సదుపాయాలు ఆశించేవారికి, రాత్రి గీజరు పనిచేయకపోతే కోపం వచ్చేవారికి ఇది పనికిరాదు. ఇద్దరు ముగ్గురు స్నేహితులో, కొత్తగా పెళ్లయిన జంటో అయితే ఇంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల లేదు.

షిమ్లా గురించి కొద్దిగా చెబితే చాలు. 1903లో మొదలై, 2008లో యునెస్కో వారసత్వ గుర్తింపు పొందిన 96 కిలోమీటర్ల కాల్కా-షిమ్లా చిన్న రైలు కోసం వెళ్లండి. దారిలో ఉన్న వందకు పైగా సొరంగాలు పిల్లలు లెక్కపెట్టుకోవచ్చు. మంచు కోసమే అయితే షిమ్లా ఊరిని నమ్ముకోవద్దు, అక్కడ పడితే అదృష్టం, పడినా రెండు రోజుల్లో కరుగుతుంది. షిమ్లా పక్కనున్న కుఫ్రీ గుర్రాల బురదతో నిండి ఉంటుంది. సుమారు 60 కిలోమీటర్లు ముందుకు పోయి, 2,700 మీటర్ల ఎత్తున ఉన్న నార్కండలో రాత్రి ఉండడం ఈ దారిలో తెలివైన పని.

ఔలీ

ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్య పరుచుకున్న ఔలీ వాలులు స్కీయింగు నేర్చుకోవడానికి బాగుంటాయి, ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి కనిపిస్తుంది. అడవిలో నడక, జనం తక్కువ, ఎండ ఎక్కువ. ఇబ్బంది దారిలో ఉంది. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకా సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. దేవప్రయాగ, రుద్రప్రయాగ, కర్ణప్రయాగలు దాటుతూ అలకనంద వెంట పోవడానికి పగలంతా పడుతుంది. 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్లు బీటలు వారిన తరువాత అక్కడి నుంచి ఔలీకి నడిచిన రోప్‌వే ఆగిపోయింది. పైకి రోడ్డు మీదనే వెళ్లాలి. పాత ఫొటోలు పెట్టి 'రోప్‌వే రైడ్ సహా' అని అమ్మే ప్యాకేజీలు కనిపిస్తే, ఆ మాటను రాతపూర్వకంగా ఇమ్మని అడగండి.

మన తెలుగు కుటుంబాలకు మాత్రం ఔలీకి ఒక ప్రత్యేక కారణం ఉంది. బదరీనాథ్ ఆలయం చలికాలంలో మూతపడినప్పుడు స్వామివారి శీతకాల పూజలు జరిగే చోట్లలో జోషీమఠ్ నరసింహ ఆలయం ముఖ్యమైనది. ఇంట్లో పెద్దవారు 'మంచు చూడడానికి అంత దూరమా' అని అభ్యంతరం చెబితే, ఈ దర్శనం మాట చెబితే ఒప్పుకుంటారు. అంత సేపు కొండదారిలో కూర్చోగలరా అన్నది వేరే సంగతి. వాంతుల బాధ ఉన్నవారు మధ్యలో ఒక రాత్రి ఆగక తప్పదు.

తూర్పు దిక్కు, చల్లని ఎడారి

సిక్కింలో లెక్క తలకిందులవుతుంది. వెస్టర్న్ డిస్టర్బెన్సులు అక్కడికి చేరేసరికి నీరసిస్తాయి కాబట్టి గ్యాంగ్‌టక్ చలికాలం ఎక్కువగా పొడి కాలం. ఆకాశం తేటగా ఉండి 8,586 మీటర్ల కాంచన్‌జంగా రోజుల తరబడి కనిపిస్తుంది. మంచు తగ్గినా ఎత్తు దాన్ని కాపాడుతుంది. గ్యాంగ్‌టక్ నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో 3,753 మీటర్ల ఎత్తున ఉన్న సోమ్‌గో సరస్సు, దాన్నే ఛాంగు అని కూడా అంటారు, జనవరి, ఫిబ్రవరిలో గడ్డకడుతుంది. అంత ఎత్తుకు గ్యాంగ్‌టక్ నుంచి రెండు గంటల్లో ఎక్కడమే అక్కడి ప్రమాదం. తలనొప్పి, వాంతి, నిస్సత్తువ మొదలైతే ఆ రోజుకు వెంటనే కిందికి దిగడమే మందు. 2018 డిసెంబర్ 28న చైనా సరిహద్దులోని నాథులా కనుమ దారిలో ఒక్కసారిగా కురిసిన మంచులో రెండు వేలకు పైగా పర్యాటకులు చిక్కుకుంటే సైన్యం తన బ్యారక్‌లలో ఆశ్రయం ఇచ్చింది. మంచులో పడుకుని లేవాలనుకునేవారికి ఉత్తర సిక్కింలోని లాచుంగ్ గ్రామం సరైనది, కానీ 2023 అక్టోబర్‌లో దక్షిణ లోనాక్ సరస్సు తెగి తీస్తా నది పొంగినప్పుడు ఉత్తర సిక్కిం రోడ్లు, వంతెనలు బాగా దెబ్బతిన్నాయి. దారి పరిస్థితి అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న కొడుకూ కోడలూ వెంట వస్తుంటే మరో మాట: విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా ఈ ప్రాంతాలకు ప్రత్యేక అనుమతి కావాలి, నాథులాకు విదేశీ పౌరులను అసలు అనుమతించరు.

అరుణాచల్‌లోని తవాంగ్‌కు 2024 మార్చిలో సేలా టన్నెల్ తెరిచాక ప్రయాణం మెరుగుపడింది, అయినా గువాహటి నుంచి రెండు రోజుల దారి, ఆ రాష్ట్రంలోకి వెళ్లడానికి కావలసిన ఇన్నర్‌లైన్ పర్మిట్ ముందుగా తీసుకోవాలి. పది రోజుల సెలవు ఉన్నవారి సంగతి అది. లేహ్ గురించి చాలామందికి ఉన్న భ్రమ తొలగించాలి. అక్కడ రాత్రులు మైనస్ 15, 20 డిగ్రీలకు దిగుతాయి గాని, ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వర్షపాతం మాత్రమే ఉన్న ఎడారి అది. చలి చాలినంత దొరుకుతుంది, మంచు మాత్రం అంతంతే.

ఎవరికి ఏది

అరవై దాటిన తల్లిదండ్రులు, పదేళ్ల లోపు పిల్లలు కలిసి ఐదారు రోజులకు వెళ్లేవారు గుల్మార్గ్‌లో రెండు రాత్రులు, శ్రీనగర్‌లో మిగతా రాత్రులు పెట్టుకుంటే తక్కువ కష్టంతో ఎక్కువ మంచు చూస్తారు. గుల్మార్గ్ గదుల అద్దె చూసి వెనకడుగు వేసేవారు, రెండు రాత్రులకు బదులు ఒక్క రాత్రి ఉన్నా సరే, శ్రీనగర్ నుంచి ఒక్కరోజు ప్రయాణం మాత్రం వద్దు. ఖర్చు చూసుకోవలసిన విద్యార్థులు, కొత్త ఉద్యోగులు సంక్రాంతి తరువాత మనాలి వెళ్లి, సేఠన్‌లోనో సిస్సులోనో ఉండాలి. స్కీయింగు నేర్చుకోవాలన్న పట్టుదల, ఒక వారం ఓపిక ఉన్నవారికి ఔలీ, గుల్మార్గ్ రెండూ సరైనవే. దైవదర్శనం కూడా కావాలంటే ఔలీ. పర్వత శిఖరాలు ముఖ్యం, మంచు కొసరు అనుకునేవారికి సిక్కిం. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు 3,500 మీటర్లు దాటే ఏ చోటికైనా డాక్టరును అడిగే వెళ్లాలి. రాత్రి ప్రయాణాలు, చలి, ఉమ్మడి గదులు పడని ఇంటివారిని ఒప్పించి సేఠన్ తీసుకువెళ్లి తిట్లు తిన్నవారు మా బంధువుల్లోనే ఉన్నారు.

వెళ్లే ముందు

నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంటికి అంటుకుని చలిని పెంచుతాయి. ఒంటిని అంటి థర్మల్, దాని మీద ఉన్ని, పైన తడి పట్టని జాకెట్టు వేసుకుంటే చాలు. కోటు, రబ్బరు బూట్లు తంగ్‌మార్గ్, సోలంగ్‌లలో అద్దెకు దొరుకుతాయి. సాక్సులు మాత్రం ఇంటి నుంచే నాలుగు జతలు తీసుకెళ్లండి, అద్దెబూట్లలో కాలు తడవడం ఖాయం. కొత్త మంచు తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా తిప్పికొడుతుంది, కాబట్టి చల్లని ఎండలోనూ ముఖం కమిలిపోతుంది, నల్ల కళ్లద్దాలు లేకపోతే సాయంత్రానికి కళ్లు ఇసుక పడ్డట్టు మండుతాయి. ఆ తెలుపుకే ఫోన్ కెమెరా మోసపోయి మంచును బూడిదరంగులో తీస్తుంది. తెర మీద వేలితో వెలుతురు కాస్త పెంచితే సరిపోతుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది గనుక ఫోనును లోపలి జేబులో ఉంచండి. గడ్డకట్టిన దారిలో చిన్న అడుగులతో, పాదం మొత్తం ఆనించి, బాతులా నడిస్తే పడరు. ఇళ్ల ఇనుపరేకుల పైకప్పుల అంచు కింద నిలబడి ఫొటోలు తీసుకోకండి, ఎండ తగలగానే పైనున్న మంచు మొత్తం ఒక్కసారిగా జారుతుంది.

గదిలో వెచ్చదనం గురించి ముందే అడగాలి. విద్యుత్ దుప్పటి, హీటరు, పొగగొట్టం ఉన్న బుఖారీ, అంటే గదిని వెచ్చబరిచే ఇనుప పొయ్యి, ఉంటే మంచిదే. తలుపులు, కిటికీలు బిగించి, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని నిద్రపోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వల్ల ప్రతి చలికాలం కొండ ఊళ్లలో అలా ప్రాణాలు పోతూనే ఉన్నాయి.

బుకింగ్ చేసేటప్పుడు మొదట మంచులోని గది, తరువాత గొండోలా టికెట్టు, ఆ తరువాత మిగతావి చూసుకోండి. విమానం ఎక్కవలసిన రోజుకు ముందు రాత్రి కొండ దిగి శ్రీనగర్‌లోనో చండీగఢ్‌లోనో ఉండండి. తిరుగు ప్రయాణాన్ని పొద్దుటి విమానానికి కాక మధ్యాహ్నపు విమానానికి పెట్టుకోండి, ఎందుకంటే చలికాలపు ఉదయాల్లో శ్రీనగర్ విమానాలను ఆపేది చాలాసార్లు కురిసే మంచు కాదు, మన లంబసింగిలో కమ్ముకునే పొగమంచే.